తానంతట పోవు జాబు: చిన్న సంఘములు కొనుగోలుదారులకు ఈమెయిలు ఏర్పాటు చేసికొను విధము

మదనపల్లె టమోటా మార్కెట్టు సంగతి మన సభ్యులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 2023 జూలై నెలాఖరున అచ్చట కిలో టమోటా దాదాపు 200 రూపాయలు పలికినది. సెప్టెంబరు వచ్చునప్పటికి ఆ ధరలో పదవవంతు కూడ నిలువలేదు. 2025 వేసవిలో తోతాపురి మామిడికి ఇట్టి గతియే పట్టగా, గుజ్జు ఫ్యాక్టరీలవారు కిలోకు 8 రూపాయలు ఇయ్యవలెననియు, ప్రభుత్వము 4 రూపాయలు కలుపుననియు ఏర్పాటు చేయవలసి వచ్చినది. ఈ రెండు సందర్భములలోను రైతు ఎఱిగినది మండీ ఒక్కటియే. తన పండు తినువారెవ్వరో, వారి ఊరేదో, మఱుసటి యేడు వారికి మఱల కావలెనో అక్కరలేదో అతడెఱుగడు. పేరును చిరునామాయును తెలిసిన కొనుగోలుదారులు మూడు వందలమంది గల సంఘమునకు, మండీ కూలిననాడు పంటయంతయు దక్కకపోయినను, కొంతభాగమునకైనను నిలుకడయైన ధర దొరకును. అయితే ఆ మూడు వందలమందిని వేళకు పలుకరించుచుండుట సంఘపు గుమాస్తా యొక్కనికి సాధ్యమగు పని కాదు. ఆ పనిని కంప్యూటరునకు అప్పగించు విధమును, అట్లు అప్పగించునపుడు తప్పక వహింపవలసిన జాగ్రత్తలను ఈ పాఠమున వివరింతును.

మన పల్లెలలో ఈమెయిలును నిత్యము చూచువారు తక్కువ. సభ్యులకు వర్తమానము తెలుపుటకు వాట్సాప్ చాలును. కాని మన సరకు కొనువారు మన సభ్యులు కారు గదా. బెంగుళూరులోను చెన్నపట్టణములోను కచేరీలలో పనిచేయువారు, దూరదేశముల నుండి ఇచ్చటి తలిదండ్రుల యింటికి సరకు పంపించువారు ఈమెయిలును ప్రతిదినమును తెఱచి చూతురు. బ్యాంకు లెక్కలును, బిల్లులును, రైలు టిక్కెట్లును వారికి ఆ మార్గముననే వచ్చుచున్నవి. మఱియు వాట్సాప్ గుంపులో ఒకరి ఫోను నెంబరు తక్కినవారి కందఱకును బయలుపడును. ఇది మర్యాదగల కొనుగోలుదారులు సహింపనిది.

ఈ పద్ధతి మూలము మనకు క్రొత్త కాదు. మన దేశపు తపాలా శాఖవారు 1877లో వీ.పీ. పద్ధతిని ప్రారంభించిరి. అప్పటి నుండి పుస్తకములు, మందులు, విత్తనములు అమ్ము వర్తకులు కొనినవారి చిరునామాలను దస్తరములో వ్రాసియుంచుకొని, మఱుసటి ఋతువునకు ముందుగా క్యాటలాగు పంపుచుండిరి. ఆ దస్తరమే యిప్పుడు కంప్యూటరులో నుండును. తేదీ చూచి కవరుపై చిరునామా వ్రాయు గుమాస్తా పనిని యంత్రము చేయును. భేద మింతమాత్రమే.

ఆటోమేషన్ అనునది యేమి? ప్రతి జాబునకును నాలుగు సంగతులు ముందుగా నిర్ణయించి యంత్రమునకు చెప్పుట. ఏమి జరిగినప్పుడు జాబు పోవలెను? ఎన్ని దినములకు పోవలెను? అందేమి వ్రాసియుండవలెను? ఏమి జరిగినచో అది ఆగిపోవలెను? ఈ పనికై సేవలొసగు కంపెనీలు పెక్కు కలవు. చెన్నపట్టణపు జోహో వారి క్యాంపెయిన్స్, విదేశపు వారి మెయిల్‌చింప్, బ్రెవో మొదలగునవి వాడుకలోనున్నవి. వానిలో పెక్కింట మొదటి మూడు ప్రశ్నలకు గడులు ఎదుటనే కనబడును. నాల్గవ ప్రశ్నకు గడి వెదకికొనవలసియుండును. నష్టమంతయు సామాన్యముగా ఆ నాల్గవదానిని వదలివేయుటచేతనే కలుగును.

ఆంగ్ల వర్తకులు ఇట్టి జాబుల వరుసను డ్రిప్ అని పిలుతురు. కుప్పము ప్రాంతపు రైతులకు ఆ మాట చక్కగా బోధపడును. 1990 దశకమున ఇజ్రాయెలు పద్ధతి సేద్యమును అచ్చట చేసి చూపినప్పటి నుండి బిందుసేద్యపు గొట్టములు ఆ చుట్టుప్రక్కల ఎల్లరు ఎఱిగినవే. కాలువ పారించినట్లు ఒక్కమాఱు వదలక, వేరునకు కావలసినంత, కావలసినప్పుడు బొట్టుబొట్టుగా ఇచ్చుటయే దాని గుణము. కాని గొట్టము పఱచినంతమాత్రమున డ్రిప్పు కాదు. ఫిల్టరు లేనిచో రంధ్రములు మూసికొనును. వాల్వు లేనిచో వానపడిన దినమున కూడ నీరు పాఱుచునే యుండును. జాబుల విషయమున ఫిల్టరు అనగా చిరునామాల పట్టిక. వాల్వు అనగా సరకు నిలువ.

మొదట ఏ సరకునకు ఈ ఏర్పాటు తగునో చూతము. పచ్చి టమోటాకు ఇది తగదని నా అభిప్రాయము. బుట్ట దిగిన రెండు మూడు దినములలో అమ్ముడుపోవలసిన సరకునకు, ధర గంటగంటకు మాఱు సరకునకు, మండీయో దగ్గఱి దుకాణమో తప్పదు. కిలో రెండు కిలోలుగా దూరపు ఇండ్లకు పంపినచో కూలి, పెట్టె, పార్సెలు ఖర్చులు సరకు వెలను మించును. ఎండబెట్టిన టమోటా, టమోటా పచ్చడి, చింతపండు, వేరుసెనగ నూనె, బెల్లము, నెయ్యి మొదలగు నిలువయుండునవి మిక్కిలి అనువైనవి. తినుటకు కోయు మామిడి, అనగా బంగినపల్లి, మల్గోవ, ఖాదరు మొదలగునవి, ఋతువుననుసరించి అనువైనవే. తోతాపురి గుజ్జునకు పోవును గాన దానిని ఇందు చేర్చను. తినుబండారములు అమ్మువారు మొదట ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషనో లైసెన్సో పొంది, ఆ నెంబరును సీసాపై ముద్రింపవలెను. అది లేక జాబుల ఏర్పాటు గూర్చి తలపోయుట వ్యర్థము.

ఇక పట్టిక. పట్టికలో చేర్చుకొనదగినవాడు ఒక్కడే: మీ సరకును కొని గాని, చూచి గాని, "నాకు జాబులు పంపుడు" అని తానుగా చెప్పినవాడు. బజారులో ఎవరో అమ్మజూపు పదివేల చిరునామాల పట్టిక కొనవద్దు. కళ్యాణమంటపపు అతిథుల పుస్తకము నుండి ఎత్తివ్రాయవద్దు. 1978 మే నెలలో అమెరికాలో గారీ థుర్క్ అను కంప్యూటరు విక్రయోద్యోగి, అడుగని వారికి సుమారు 400 మందికి ఒకే ప్రకటనను ఈమెయిలుగా పంపెను. ఆయనకు కొంత వ్యాపారము దొరకినను, వచ్చిన నిందలు నేటికిని ఆయన పేరుతో చెప్పుకొనబడుచున్నవి. ఆ తరువాత అట్టి జాబులు ప్రపంచమును ముంచెత్తుటచేత, నేడు జీమెయిల్, యాహూ మొదలగువారు ప్రతి జాబును గుమ్మమువద్దనే పరీక్షించి, అనుమానమున్నచో స్పామ్ అను చెత్తగదిలో వేయుచున్నారు.

మన దేశమున 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసిరి. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. చట్టము దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పరచిరి. ఒకరి పేరును చిరునామాను వాడుకొనుటకు వారి సమ్మతి యుండవలెననియు, సమ్మతి యిచ్చుట ఎంత సులభమో ఉపసంహరించుకొనుటయు అంత సులభముగా నుండవలెననియు అందు కలదు. కావున బెంగుళూరు సంతలో బల్లవేసి అమ్మునపుడు, చిన్న చీటీలు అచ్చు వేయించి ఉంచుడు. పేరు, ఈమెయిలు, ఊరు, భాష, "సంఘము వారు మామిడి, నెయ్యి విషయమై నాకు జాబులు పంపవచ్చును" అను వాక్యము, సంతకము, తేదీ అందుండవలెను. భాష యనునది చిన్న సంగతిగా తోచవచ్చును. కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. మన కొనుగోలుదారులలో తెలుగు చదువనేరని కన్నడిగులును తమిళులును ఉందురు. వారికి తెలుగు జాబు పంపుట పంపకుండుటతో సమానము.

చీటీలను దాచియుంచుడు. వానిని కంప్యూటరులో ఎక్కించిన వెంటనే "మీరే చేరితిరా? అవునన్నచో దీనిని నొక్కుడు" అను జాబు ఒకటి పోవునట్లు చేయుడు. నొక్కినవారినే పట్టికలో ఉంచుడు. దీనివలన నూటికి కొందఱు తఱిగిపోవుదురు. తఱుగనిండు. గింజ తూర్పారబట్టినప్పుడు పొల్లు పోయినదని ఎవరును విచారింపరు.

పట్టిక సిద్ధమైన పిమ్మట సంఘమునకు సొంత చిరునామా కావలెను. ఉచితముగా దొరకు జీమెయిల్ ఖాతా నుండి దినమునకు 500 మందికి మించి పంపనీయరు. అందును మూడు వందల చిరునామాలను ఒకే గడిలో చేర్చి పంపినచో ఒకరి చిరునామా అందఱకును తెలియును. ఇది వాట్సాప్ గుంపు దోషమే. కావున ఏటేట కొంచెము రుసుము చెల్లించి, డాట్ ఇన్ అను కొసగల డొమెయిన్ పేరొకటి కొని, ఆ పేరుతో ఈమెయిలు ఏర్పరచుకొనుడు. ఆ పేరు సంఘము పేరనే నమోదు కావలెను. కంప్యూటరు పని తెలిసిన కుఱ్ఱవాని పేరనో, కార్యదర్శి అల్లుని పేరనో వద్దు. ఆ కుఱ్ఱవాడు హైదరాబాదునకు ఉద్యోగమునకు పోయినయెడల పేరు, పట్టిక, రహస్యపదము అన్నియు వానితోనే పోవును. పాలకవర్గము తీర్మానము చేసి, మినిట్స్ పుస్తకములో వ్రాసి, రహస్యపదమును కార్యదర్శికిని అధ్యక్షునికిని ఇరువురికి తెలియునట్లు ఉంచవలెను. నగదుపెట్టె తాళపుచెవి విషయమున మనము పాటించు నియమమే యిది.

డొమెయిన్ పేరునకు మూడు గుర్తులు కట్టవలెను. వాని పేర్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. పేర్లు విని వెఱవనక్కరలేదు. ఎస్‌పీఎఫ్ అనునది మన సంఘము తరఫున జాబులు మోయుటకు ఎవరికి అధికారము కలదో తెలుపు జాబితా. డీకిమ్ జాబుపై వేయు ముద్ర. నడుమ నెవరైన అక్షరము మార్చినచో ముద్ర పగిలినట్లు తెలియును. డీమార్క్ అనగా, మన పేరు చెప్పుకొని జాబితాలో లేనివాడో ముద్ర లేనివాడో వచ్చినచో వానిని ఏమి చేయవలెనో గుమ్మమువానికి మనమిచ్చు ఉత్తరువు. ఈ మూడును ఎట్లు కట్టవలెనో సేవయొసగు కంపెనీవారి పుటలలోనే వరుసగా చూపియుందురు. తెలిసినవాడు ఒక పూటలో ముగించును.

2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్, యాహూ వారు ఈ విషయమున కఠినులైరి. దినమునకు 5,000 జాబులకు మించి జీమెయిల్ ఖాతాలకు పంపువారికి పై మూడు గుర్తులును ఉండవలెను. ప్రకటన జాబులలో ఒక్క నొక్కుతో పట్టిక నుండి తొలగు సౌకర్యము ఉండవలెను. జాబులను స్పామ్ అని ఫిర్యాదు చేయువారు వేయింటికి ముగ్గురను చేరరాదు. మన సంఘములు 5,000 పంపునవి కావు. అయినను గుమ్మమువాని చూపు చిన్నవారికొకటి పెద్దవారికొకటిగా నుండదు. 600 జాబులు పంపితిమనుకొనుడు. ఇద్దఱు విసిగి స్పామ్ అను మీట నొక్కిరి. వేయింటికి మూడుకు మించినది. ఇద్దఱి విసుగుచేత తక్కిన 598 మందికి చేరవలసిన మామిడి వార్త చెత్తగది పాలగు అపాయము కలదు. కావున తొలగిపోవు మార్గమును సూక్ష్మాక్షరములలో దాచవద్దు. జాబు చివర స్పష్టముగా వ్రాయుడు. పోదలచినవాడు స్పామ్ మీట నొక్కి పోవుటకంటె తలుపు తెఱచుకొని పోవుట మనకే మేలు.

ఇక జాబులు. క్రొత్తగా ప్రారంభించువారికి నాలుగు చాలును.

మొదటిది పట్టికలో చేరిన వెంటనే పోవు స్వాగతపు జాబు. మనుష్యుడు చీటీ నింపిన దినముననే మనలను జ్ఞాపకముంచుకొనును, వారము గడచినచో "వీరెవ్వరు?" అనుకొనును. మాదిరికొకటి:

"అమ్మా, నమస్కారములు. ఆదివారమునాడు సంతలో మా బల్లవద్ద మీరు పేరు వ్రాసియిచ్చితిరి. మేము పుంగనూరు, మదనపల్లె ప్రాంతముల రైతుల సంఘము. మా నెయ్యి నెలకు కొలదిగనే యుండును. మామిడి మే, జూన్ మాసములలో మాత్రమే. మా వద్ద సరకు ఉన్నప్పుడు తప్ప మీకు వ్రాయము. ఏదైన అడుగదలచినచో ఈ జాబునకే బదులు వ్రాయుడు, మా కార్యదర్శి చదువును. ఇక వద్దనుకొన్నచో క్రింది మాటను ఒక్కమాఱు నొక్కుడు."

ఇందు పొగడ్త లేదు, తొందరపెట్టుట లేదు. "ఈ రాత్రితో ముగియును, త్వరపడుడు" అను వ్రాత పట్టణపు దుకాణములవారు దినమును వ్రాయుచున్నారు. దానిని నమ్మువారు తగ్గిరి. "సరకు ఉన్నప్పుడు తప్ప వ్రాయము" అను వాక్యము మన వాగ్దానము. దానిని నిలుపుకొనుట యెట్లో పిమ్మట చెప్పుదును.

రెండవది సరకు పంపినప్పుడు పోవునది. పార్సెలు ఏ బస్సున, ఏ దినమున బయలుదేఱినది, రసీదు నెంబరేమి, ఎచ్చట తీసికొనవలెను అను నాలుగు ముక్కలు. ఇది ప్రకటన కాదు. దీనిని అందఱును చదువుదురు. ఆర్టీసీ పార్సెలు కార్యాలయమునకు పండ్లు చేరియు, కొనినవారికి తెలియక రెండు దినములు మూలపడియుండుటకంటె నష్టము మఱియొకటి లేదు.

మూడవది పార్సెలు చేరిన మఱునాడు పోవలసినది. నా దృష్టిలో ఇదియే తక్కిన మూటికంటె విలువగలది. ఎక్కువమంది దీనిని వ్రాయరు. మామిడికి ఇట్లుండవచ్చును: "కాయలను తెఱచి, ఒక్కొక్కటి తాకకుండ గడ్డిలోనో కాగితములోనో ఒకే వరుసగా పఱచుడు. గాలి తగులు గదిలో ఉంచుడు. మాగకముందు ఫ్రిజ్జిలో పెట్టవద్దు; పెట్టినచో తొక్క నల్లబడి రుచి రాదు. మాగిన పిమ్మట పెట్టవచ్చును. మేము కార్బైడు వాడము గనుక నాలుగైదు దినములు ఓపిక పట్టవలెను. ఏ కాయయైన చెడినచో ఫొటో తీసి ఈ జాబునకు బదులుగా పంపుడు." ఇట్లు వ్రాసిన సంఘమునకు "కాయ పచ్చిగా నున్నది, మోసపోతిమి" అను ఫిర్యాదులు తగ్గును. కాల్షియం కార్బైడుతో మాగవేయుట మన దేశమున నిషిద్ధము. నిజముగా వాడనివారే ఆ వాక్యము వ్రాయవలెను.

నాల్గవది మఱల కొనుమని జ్ఞాపకము చేయు జాబు. ఇది ఎన్ని దినములకు పోవలెను? ఊహించి ముప్పది దినములని పెట్టుట పరిపాటి. అట్లుగాక మీ దస్తరమునే అడుగుడు. ఒక కుటుంబము నెయ్యి సీసా కొనిన తేదీకిని మఱల కొనిన తేదీకిని నడుమ ఎన్ని దినములో లెక్కించుడు. ఐదు కుటుంబములకు 28, 35, 41, 44, 90 దినములు వచ్చినవనుకొందము. సగటు తీసినచో 47 దినములు దాటును. కాని ఆ తొంబది దినములవారు వేసవికి ఊరికి పోయియుందురు; ఆ యొక్క యింటివలన లెక్క చెడినది. నడుమనున్న 41 నిజమునకు దగ్గఱ. సీసా అడుగంటుటకు కొంచెము ముందుగా, పార్సెలు ప్రయాణమునకు మూడు దినములు కలుపుకొని, 36వ దినమున జాబు పోవునట్లు పెట్టుడు. ఒక్క జాబు. బదులు రానిచో రెండు వారములకు మఱియొకటి. అంతటితో ఆగవలెను. మూడవది వ్రాసినవానికి ఫిర్యాదు తప్ప మఱేమియు రాదు.

ఇపుడు వాల్వు సంగతి. పుంగనూరు ఆవు నెయ్యిని ఉదాహరణముగా తీసికొందము, ఏలయనగా దాని పేరు నేడు దేశమంతట వ్యాపించినది. 2024 జనవరిలో సంక్రాంతి నాడు ప్రధానమంత్రి తన నివాసమున ఈ పొట్టి ఆవులకు మేత వేయుచున్న చిత్రములు ప్రచురింపబడినవి. తరువాత అడుగువారు పెరిగిరి. ఆవు మాత్రము తాను ఇచ్చునంతయే ఇచ్చును. లెక్క చూడుడు. ఒక సంఘమునకు పాడిలోనున్న ఆవులు పది కలవనుకొందము. దూడ వాటా పోను ఒక్కొక్కటి దినమునకు రెండున్నర లీటర్లు ఇచ్చినచో మొత్తము 25 లీటర్లు. ఈ జాతి పాలలో వెన్న నూటికి 8 వంతులని చెప్పుదురు. దానినే పట్టుకొన్నను, చిలుకుటలోను కాచుటలోను పోవు తఱుగు లెక్కింపకయే, దినమునకు రెండు కిలోల నెయ్యికి మించదు. నెలకు 60 కిలోలు. పట్టికలో 400 మంది యున్నారు. ఒక్కొక్కరు అరకిలో కోరినను 200 కిలోలు కావలెను. ఇది మూడు నెలల పది దినముల నెయ్యి!

యంత్రము ఒక్క నిమిషములో ఆ 400 మందికిని "నెయ్యి సిద్ధము" అని వ్రాయగలదు. ఆవు దానితో సమానముగా పరుగెత్తలేదు. అప్పుడు సంఘమునకు మూడు దారులు కనబడును. ఒకటి, సొమ్ము పుచ్చుకొని మూడు నెలలు త్రిప్పుట. రెండు, మఱియొక ఆవు నెయ్యి కలిపి పుంగనూరు పేరుతో పంపుట. మూడు, సొమ్ము వాపసు చేసి క్షమాపణ వ్రాయుట. మూడవది తప్ప తక్కినవి సంఘమును ముంచును. మూడవదియును గౌరవము తెచ్చునది కాదు. కావున పట్టికను నాలుగు బత్తులుగా విభజించి, నెలకు 100 మందికి మాత్రమే జాబు పోవునట్లు చేయుడు. అందఱును కోరినను 50 కిలోలే యగును. పది కిలోలు తఱుగునకును సభ్యుల వాడుకకును మిగులును. ఏ నెలలోనైన సగముమందియే కోరినచో, పై నెలలో బత్తిని కొంచెము పెంచుకొనవచ్చును. తమ వంతు ఎప్పుడు వచ్చునో స్వాగతపు జాబులోనే చెప్పినయెడల, వేచియుండుటకు ఎవరును అలుగరు.

ఈ సందర్భముననే ఒక మాట. ఈ నెయ్యి ఫలానా రోగమును పోగొట్టునని జాబులలో వ్రాయుట కొందఱకు అలవాటైనది. మందులును అద్భుత చికిత్సలును గూర్చిన అభ్యంతరకర ప్రకటనల చట్టము 1954 నుండి కలదు. యంత్రము పంపినదని తప్పించుకొనుటకు వీలులేదు. జాబుపై సంఘము పేరున్నది. రుచి, వాసన, చేసిన తేదీ, చిలికిన విధము వ్రాయుడు. అవియే చాలును.

సరకు నిలువను జాబులతో ముడివేయు విధము సులభమే. వెబ్ పుటలో ఆర్డర్లు తీసికొను సంఘమైనచో, నిలువ సున్న యైనప్పుడు నాల్గవ జాబు ఆగునట్లు అచ్చటనే గుర్తు పెట్టవచ్చును. అట్టి పుట లేనివారు, గుమాస్తా ప్రతి సోమవారము ఉదయము గిడ్డంగి పుస్తకము చూచి, సేవలో ఆటోమేషనును నిలుపు మీటను నొక్కుటయో విడుచుటయో చేయవలెను. ఐదు నిమిషముల పని. దానిని ఎవరు చేయవలెనో పేరు వ్రాసి గోడకు అంటించుడు. వడగండ్లు పడి బంగినపల్లి రాలిన మఱునాడు "పండ్లు కోతకు వచ్చినవి" అని జాబు పోయినచో, ఆ తప్పు యంత్రముది కాదు.

ఆపవలసిన సందర్భములు మఱి రెండు. కొనుగోలుదారుడు ఆర్డరు ఇచ్చిన క్షణముననే జ్ఞాపకపు జాబు ఆగవలెను, కొనినవానిని "ఏల కొనలేదు?" అని అడుగుట అవమానము. ఫిర్యాదు వ్రాసినవాని విషయమున అన్ని జాబులును ఆగి, కార్యదర్శి తన చేతితో బదులు వ్రాసి, సంగతి పరిష్కారమైన పిమ్మటనే మఱల సాగవలెను. చెడిన కాయల ఫొటో పంపినవానికి మూడు దినముల పిమ్మట "మా మామిడి నచ్చినదా?" అని అచ్చువేసిన జాబు చేరుట కంటె హీనమైనది లేదు. ఇందుకై పట్టికలో "ఫిర్యాదు" అను గడి యొకటి పెట్టి, అందు గుర్తున్నవారికి ఏ జాబును పోకుండునట్లు చెప్పవలెను.

ఋతువారంభపు వార్త, అనగా పూత యెట్లున్నది, కోత యెప్పుడు, ఈ యేటి ధర యేమి అను జాబు మాత్రము యంత్రమునకు ముందుగా అప్పగింపవద్దు. పోయిన యేడు వ్రాసిపెట్టిన వాక్యములు ఈ యేటి చెట్టునకు సరిపోవు. అది ఏటేట తోట చూచి వచ్చినవాడు వ్రాయవలసినది. తోట ఫొటో ఒకటి జతచేసినచో మంచిది.

పంపుటకు ముందు పరీక్ష. నాలుగు జాబులను మొదట పాలకవర్గ సభ్యుల చిరునామాలకు పంపుడు. జీమెయిల్ ఒకటి, యాహూ ఒకటి, కచేరీ చిరునామా ఒకటి యుండవలెను. తెలుగు అక్షరములు సరిగా కనబడుచున్నవా, సెల్‌ఫోనులో వాక్యములు గడిదాటి పోకుండ నున్నవా, తొలగు మాట నొక్కినచో నిజముగా పేరు పోవుచున్నదా చూడుడు. "గారికి" అను మాటకు ముందు పేరుండవలసిన చోట ఖాళీ వచ్చినచో పట్టికలో పేరు నింపలేదని తెలియును. పెద్ద బొమ్మలు పెట్టవద్దు. పార్సెలు, ధర, ఫోను నెంబరు అక్షరములలోనే యుండవలెను. బొమ్మలోనున్న ధర కొందఱి ఫోనులలో తెఱచుకొననే తెఱచుకొనదు.

లెక్కలు చూచుకొనునపుడు "ఎందఱు తెఱచిరి" అను అంకెను నమ్మవద్దు. 2021 సెప్టెంబరు నుండి ఆపిల్ ఫోనులవారు, జాబును మనుష్యుడు చదువకపోయినను తెఱచినట్లు చూపు రక్షణపద్ధతిని ప్రవేశపెట్టిరి. ఎన్ని ఆర్డర్లు వచ్చినవి, ఎన్ని రూపాయలు, ఎందఱు తొలగిరి, ఎందఱు ఫిర్యాదు చేసిరి అను నాలుగు అంకెలు నెలకొకమాఱు పాలకవర్గమునకు చదివి వినిపింపుడు. సేవకు చెల్లించిన రుసుమును, డొమెయిన్ రుసుమును ఆ ప్రక్కనే వ్రాయుడు. ఆరు నెలలలో జాబులవలన వచ్చిన ఆర్డర్ల లాభము ఆ రుసుమును మించనిచో సేవను మానుకొని, గుమాస్తాచేతనే నెలకొక జాబు వ్రాయించుకొనుట మంచిది. అయిదు పదులమంది కొనుగోలుదారులు గల సంఘమునకు యంత్రము అనవసరమని నేను స్పష్టముగా చెప్పుదును. పోస్టుకార్డుపై పేరుపేరున వ్రాసినట్లు, ఒక్కొక్కరికి చేతితో వ్రాయవచ్చును.

చేరక తిరిగివచ్చు చిరునామాలు ప్రతి నెలయు కొన్ని యుండును. ఉద్యోగము మాఱినవారి కచేరీ చిరునామాలు తఱచు ఇట్లగును. వానిని వెంటనే కొట్టివేయుడు. లేని చిరునామాలకు మాటిమాటికి పంపువానిని గుమ్మమువారు అనుమానింతురు. ఒక సంవత్సరము ఏమియు కొనక, ఏ జాబునకును బదులు వ్రాయనివారికి "ఇంకను పంపుదుమా?" అని ఒక్కమాఱు అడిగి, బదులు రానిచో వారి పేరును తీసివేయుడు.

మామిడి అమ్మదలచిన సంఘములు ఈ పనిని పూత కనబడు జనవరి, ఫిబ్రవరి మాసములలోనే మొదలుపెట్టవలెను. డొమెయిన్ పేరు క్రొత్తది యైనచో, మొదటి వారము ఇరువదిమందికి, రెండవ వారము ఏబదిమందికి, ఇట్లు క్రమముగా పెంచుకొనుచు పోవలెను. నిన్న పుట్టిన పేరు నేడే వందలకొలది జాబులు పంపినచో గుమ్మమువానికి అనుమానము కలుగును. చీటీలను అచ్చు వేయించునపుడు తెలుగు, కన్నడము, తమిళము మూడింటను వేయింపుడు; వేయి చీటీలు రెండు ఋతువులకు వచ్చును.